మేనకోడలికి ‘గానీ’ గురించి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కొట్టు బిల్లుల ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నువ్వే రాస్తున్నావనీ, దగ్గర ఊళ్లకు సరుకు ఉచితంగా చేర్చే లెక్క కూడా అందులోనే పెడుతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పినప్పుడు, సంతోషంతో పాటు కొంత గుబులు కూడా పుట్టింది. ఇంజనీరింగు చదవలేదన్న బెంగ నీకు వద్దు. ప్రోగ్రాముల్లో షరతు నిజమా కాదా అని తేల్చే తర్కానికి మూలపురుషుడైన జార్జ్ బూల్ చెప్పులు కుట్టే ఆయన కొడుకు. డిగ్రీ లేకుండానే 1849లో ఐర్లండులోని కార్క్‌లో గణితాచార్యుడయ్యాడు.

‘అండ్’ అంటే రెండు షరతులూ నిజం కావాలి, ‘ఆర్’ అంటే ఒక్కటి నిజమైనా చాలు, ‘నాట్’ అంటే తలకిందులు. నా భయమంతా ‘ఆర్’తోనే.

పర్లాకిమిడిలో ఒక బియ్యం వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు, ఆ ఊరివాళ్లకూ కాశీనగర్ వాళ్లకూ బండి కిరాయి వేయవద్దని యజమాని చెప్పారు. ‘ఊరు పర్లాకిమిడి గానీ కాశీనగర్ గానీ అయితే’ అని మనం అనుకునే తీరులోనే, ఊరు == "పర్లాకిమిడి" ఆర్ "కాశీనగర్" అని బిల్లుల ప్రోగ్రాంలో రాశాను (== అంటే రెండూ ఒకటేనా అని అడగడం). గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టినవాణ్ణి కదా, వాడుక భాష ఎక్కడైనా చెల్లుతుందనుకున్నాను. పైథాన్‌కు మాత్రం ‘ఆర్’కు అటొకటి, ఇటొకటి పూర్తి ప్రశ్న కావాలి. ఖాళీగా లేని ఏ స్ట్రింగునైనా, అంటే కోట్‌ల మధ్య రాసిన ఏ మాటనైనా, అది నిజమనే లెక్కిస్తుంది కాబట్టి, కుడివైపు ఒంటరిగా నిలబడ్డ "కాశీనగర్" పుణ్యమా అని ఏ ఊరు పెట్టినా షరతు నిజమైపోయి, గునుపూర్‌కూ రాయగడకూ కూడా కిరాయి మాఫీ అయింది. తప్పు చూపే ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. డబ్బు మిగిలిన ఖాతాదారులెవరూ నోరు విప్పలేదు. నెలాఖరున యజమాని ఏమీ అనకుండా చిట్టాను నావైపు తిప్పారు. ఆ కిరాయి మూడు నెలల జీతంలోంచి తీర్చాను. మీ అత్తయ్యకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

నేను పరీక్షించకపోలేదు. పర్లాకిమిడి పెట్టి చూశాను, కాశీనగర్ పెట్టి చూశాను, రెండుసార్లూ అవునంటే ఇంటికెళ్లి పడుకున్నాను. కాదనవలసిన ఊరు ఒక్కటైనా పెట్టి చూడాలని తోచలేదు.

కాబట్టి ‘ఊరు ==’ అని రెండుసార్లూ రాయి, బద్ధకించకు. ‘అండ్’, ‘ఆర్’ రెండూ ఒకే వరుసలో వస్తే పైథాన్ ‘ఆర్’ కంటే ముందు ‘అండ్’నే చూస్తుంది గనుక, ఎవరు నవ్వినా బ్రాకెట్లు పెట్టు. రాత్రి పదకొండు దాటాక ధరల జోలికి వెళ్లకు తల్లీ, అసలే నీకు కంటి నొప్పి.

ఈ ఉత్తరం అందగానే గునుపూర్ పెట్టి చూసి, ఏం వచ్చిందో ఫోను చెయ్యి.

మీ మావయ్య,
బరంపురం