పెద్దపాడు నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఫిబ్రవరి 14న, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్య గారి జయంతికి బడిలో చార్టు తెమ్మంటారు. పోయిన సంవత్సరం అంగడిలో బొమ్మలు కొని అంటించి ఇచ్చాము. పాప తేదీలు, పదవులు గడగడా అప్పజెప్పింది కానీ, ఆయన ఎవరని తమ్ముడు అడిగితే చెప్పలేకపోయింది. చదువు, చేతిపని కలిపి ఎలా నేర్పాలి? కులం సంగతి ఈ వయసులో చెప్పవచ్చునా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, ఈసారి పదవుల పట్టికను పక్కన పెట్టండి. ముఖ్యమంత్రి అంటే ఏమిటో ఐదేళ్ల బిడ్డకు తెలియదు. నాన్న లేని ఇల్లు, కష్టపడి సాకే అమ్మ అంటే తెలుస్తుంది. సంజీవయ్య గారు 1921లో మీ ఊరి పక్కనున్న పెద్దపాడులో పుట్టారు. పసికందుగా ఉండగానే తండ్రి పోయారు, ఇంటికి సెంటు భూమి లేదు. ఈ సంగతులను మీరే పెద్ద అక్షరాలతో, పేజీకి రెండు వాక్యాల చొప్పున ఒక నోటుపుస్తకంలో రాసి, పాప చేత తమ్ముడికి చదివించండి. వాడు ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తే అక్కడ ఆ ప్రశ్నను పెన్సిలుతో పక్కనే రాయించండి.

చేతిపనికి ముందు ఒక ఆదివారం పిల్లలను పెద్దపాడుకు తీసుకువెళ్లి రండి. తరువాత ఒక అట్ట మీద పెద్దపాడు, కర్నూలు, అనంతపురం, మద్రాసు, హైదరాబాదు గుర్తించి దారంతో కలపమనండి. కర్నూలులో బడి, అనంతపురంలో బి.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రం, 1960 జనవరి 11న హైదరాబాదులో ముఖ్యమంత్రి పదవి: ఆ జీవితమంతా దారం వెంట వేలు జరిపితే అందుతుంది. బాబు చేత మట్టి ఇల్లు చేయించండి. ఒట్టి నల్లరేగడి ఎండగానే నెర్రెలిస్తుంది కనుక కొంచెం ఎర్రమన్ను, వరిపొట్టు కలిపి, పైకప్పుకు జొన్నదంట్లు పరచండి.

కులం సంగతి తప్పక చెప్పండి. ఆయన దళిత కుటుంబంలో పుట్టారని, పుట్టుకను బట్టి కొందరిని ఊరిబావి దగ్గరికి రానివ్వని కాలమది అని, అది తప్పని, 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించిందని, దేశంలో దళితుల నుంచి ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి ఆయనేనని పాపకు సూటిగా చెప్పవచ్చు. బాబుకైతే, నిన్ను ఆటలో చేర్చుకోకపోతే ఎలా ఉంటుందని అడిగితే చాలు. అయితే, కష్టపడి చదివాడు కాబట్టి పైకొచ్చాడని మాత్రమే చెప్పి ఊరుకోవద్దని నా మనవి. అలా చెబితే, పైకి రాలేనివారు కష్టపడలేదేమోనని పిల్లలు అనుకుంటారు. దారిలో అడ్డుగోడలు ఉండేవని, వాటిని కట్టింది మనుషులేనని వారికి తెలియాలి.

ఇక ఆయన ప్రభుత్వ పనులలో పిల్లలకు కంటికి కనిపించేది వృద్ధాప్య పింఛను. ముఖ్యమంత్రిగా ఆయన దానిని ప్రవేశపెట్టారు. మీ వీధిలో పింఛను తీసుకునే అవ్వ ఎవరైనా ఉంటే, ఆ డబ్బుతో ఏమేం కొంటుందో పాప చేత అడిగించి, ఆ జవాబును కూడా నోటుపుస్తకంలో చేర్పించండి. బడిలో చార్టు తప్పనిసరి అంటే దారం కట్టిన అట్టనే పంపండి. దాని మీద ఆయన ఫోటో ఒక్కటి అంటిస్తే సరిపోతుంది.