నీరు పట్టని కప్లర్ కొనేముందు కేబుల్ కొలవండి

ప్రశ్న: పరకాల దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. కంచె వెంట 12 వోల్టుల ఎల్‌ఈడీ దీపాలు పది పెట్టాం. కొట్టం మీద సోలార్ ప్యానెల్, లోపల బ్యాటరీ ఉన్నాయి. తీగలు కలిపిన చోటల్లా మెలిపెట్టి నల్ల టేపు చుట్టాం. వానాకాలం దాటేసరికి సగం దీపాలు ఆగిపోయాయి. టేపు విప్పితే రాగి పచ్చబడి పొడిలా రాలుతోంది. వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు కావాలని హన్మకొండలో అడిగితే ఒకరు ఐపి67 అన్నారు, ఒకరు ఐపి68 అన్నారు, ఇంకొకరు సోలార్‌కు వాడే ఎంసీ4 చాలన్నారు. బోరు మోటారుకు వేయగా మిగిలిన ఫ్లాట్ కేబుల్ చాలా ఉంది, దాన్నే వాడదామని మా ఆలోచన. ఏది కొనమంటారు?
— ఒక రైతు, పరకాల

జవాబు: ఆ ఫ్లాట్ కేబుల్‌ను మళ్లీ బోరుకే దాచుకోండి. నీరు పట్టని కప్లర్లలో, అంటే విడదీసి మళ్లీ కలపగలిగే రెండు ముక్కల కనెక్టర్లలో, ఆ ముక్కలు కలిసే చోట రబ్బరు రింగు బిగుతుగానే కూర్చుంటుంది. నీరు ఎక్కువగా చొరబడేది వెనక వైపు, కేబుల్ లోపలికి వెళ్లే రంధ్రం దగ్గర. అక్కడి రబ్బరు గుండ్రటి తొడుగును చుట్టూ సమంగా పట్టుకునేలా తయారైంది కాబట్టి, బల్లపరుపు కేబుల్‌ను అందులో దూర్చి ఎంత బిగించినా రెండు పక్కలా సందు మిగులుతుంది. ఎరుపు, నలుపు తీగలు జంటగా అతికి ఉండే స్పీకర్ వైరుదీ ఇదే సంగతి. గుండ్రటి తొడుగున్న రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ తీసుకొని, దాని బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలత చీటీ మీద రాసుకొని దుకాణానికి వెళ్లండి. దుకాణదారు ఐపి అంకె చెప్పేలోపే, ఎన్ని మిల్లీమీటర్ల కేబుల్‌కు సరిపోతుందో మీరు అడగాలి. ఉదాహరణకు కేబుల్ చుట్టూ రబ్బరును బిగించే మర బిగింపునే గ్లాండు అంటారు; పీజీ7 సైజు గ్లాండు 3 నుంచి 6.5 మి.మీ., పీజీ9 గ్లాండు 4 నుంచి 8 మి.మీ., పీజీ11 గ్లాండు 5 నుంచి 10 మి.మీ. వ్యాసమున్న కేబుళ్లను పట్టుకుంటాయి.

మీరు చూసిన ఆ పచ్చటి పొడి చిలుము. బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో పోతుంది కనుక, ప్లస్సుకూ మైనస్సుకూ నడుమ సన్నని తడి పొర ఏర్పడితే చాలు, ప్లస్సు వైపు రాగి కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉంటుంది. టేపు విప్పిన చోట రెండు తీగలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్లస్సు తీగే ఎక్కువ తినేసినట్టు కనిపిస్తుంది. పైగా పోగుల తీగలో పోగుల మధ్యనున్న సన్నని సందుల గుండా నీరు తొడుగు లోపల చాలా దూరం పాకుతుంది. అందువల్ల పాత తీగనే వాడదలిస్తే, రాగి ఎర్రగా మెరుస్తూ కనిపించేదాకా, అవసరమైతే జానెడు పొడవైనా సరే, కోసేయాలి. నల్లబడిన రాగికి ఎంత ఖరీదైన లగ్గు (తీగ చివర తొడిగే లోహపు ముక్క) నొక్కినా ఫలితం ఉండదు.

ఇక ఐపి అంకెల మాట. మొదటి అంకె దుమ్ముకు, రెండో అంకె నీటికి సంబంధించినవి. ఐపి65 అంటే దుమ్ము చొరదు, పైపుతో కొట్టే నీటిధారకు తట్టుకుంటుంది. ఐపి67 అంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచినా హాని చేసేంత నీరు లోపలికి పోదు. ఐపి68 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష అయినప్పటికీ, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే నిర్ణయించి చెప్పాలి. ఆ రెండు వివరాలూ లేని ఐపి68కి విలువ కట్టలేం. ముంచే పరీక్షలో నెగ్గినంత మాత్రాన నీటిధారకూ తట్టుకుంటుందని అర్థం కాదు, దానికి వేరే పరీక్ష ఉంది. ఇవన్నీ కప్లర్ రెండు ముక్కలూ కలిపి ఉన్నప్పటి మాటలే కాబట్టి, విడదీసి వదిలేసిన ముక్కకు మూత పెట్టక తప్పదు.

ఈ పరీక్షలో మన తోటలకు సరిపడని అంశం ఒకటుంది. ముంచే నీటికీ వస్తువుకూ ఉష్ణోగ్రతలో 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని ఈ ఐపి పరీక్షలను నిర్దేశించే ఐఈసీ 60529 ప్రమాణం చెబుతుంది. జూన్ నెలలో మధ్యాహ్నమంతా ఎండకు కాలిన కప్లర్ మీద సాయంత్రం ఒక్కసారిగా వాన పడితే తేడా అంతలో ఆగదు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, సీలులో ఏ కాస్త లోపమున్నా బయటి నీటిని లోపలికి లాక్కుంటుంది. కనుక కంచె మీది కలయికలకు ఐపి67 కప్లర్ సరిపోతుంది, దాన్ని మాత్రం నీడ పట్టున, స్తంభానికి వెనక వైపు కట్టండి. వాగు పక్కనున్న తోటలకు కలయికలను ఎత్తులో పెట్టుకోవడం ఒక్కటే దారి. 2023 జులై చివర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పటి లాంటి వరద, అరగంట పరీక్ష నెగ్గిన కప్లర్లు తట్టుకునే వరద కాదు.

కేబుల్ మందం కూడా ముందే తేల్చుకోండి. 1.5 చదరపు మి.మీ. రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 12 ఓములు నిరోధం ఉంటుంది. 40 మీటర్ల దూరానికి 2 ఆంపియర్లు పంపితే పోనూ రానూ 80 మీటర్ల తీగలో దాదాపు 1.9 వోల్టులు పోతాయి, 2.5 చదరపు మి.మీ. వేస్తే 1.2 వోల్టులే పోతాయి. 220 వోల్టుల లైనులో ఈ తేడా ఎవరికీ కనిపించదు గానీ 12 వోల్టుల్లో చివరి దీపం మసకబారుతుంది, మనం కప్లర్‌ను తిట్టుకుంటాం. అయితే మోటారు సైకిళ్లలో ఎక్కువగా కనిపించే సూపర్‌సీల్ రకం కప్లర్ల టెర్మినళ్లు, అంటే లోపల తీగను పట్టుకునే లోహపు ముక్కలు, 1.5 చదరపు మి.మీ. దాకానే పడతాయి. కాబట్టి మెయిన్ లైను 2.5 కేబుల్‌ను స్తంభం స్తంభం దగ్గరా గ్లాండులున్న జంక్షన్ బాక్సులోకి తెచ్చి, అక్కడి నుంచి దీపానికి సన్నని కేబుల్ తీసి, ఆ సన్నని కేబుల్‌కు మాత్రమే కప్లర్ పెట్టుకోవాలని నా సలహా. దీపం మార్చాల్సి వచ్చినప్పుడు బాక్సు తెరిచే పని ఉండదు.

ఎంసీ4 మంచి కనెక్టరే, దానిని ప్యానెల్ వైపు మాత్రమే ఉంచండి. దీపాల లైనుకు కూడా అదే పెడితే, ఏదో ఒకనాడు ఎవరో ప్యానెల్ తీగను దీపాల తీగకు కలిపేస్తారు. వేర్వేరు కంపెనీల ఎంసీ4 ముక్కలు ఒకదానిలో ఒకటి దూరినా జత చేయకూడదు. గుండ్రటి మెటల్ ఏవియేషన్ ప్లగ్గులు, అంటే జీఎక్స్16 రకం, చూడటానికి గట్టిగా ఉంటాయి గానీ మామూలుగా దొరికేవి నీటికి ఆగవు.

బిగించేటప్పుడు సీలు రబ్బరును ముందు తీగకు తొడిగి, తర్వాత టెర్మినల్‌ను తగిన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో చితకగొట్టిన టెర్మినల్ రబ్బరును చీల్చుకుంటూ లోపలికి పోతుంది. కప్లర్‌కు ముందు కేబుల్‌ను కొద్దిగా కిందికి వంచి వదిలితే వాన చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి; గ్లాండులు కూడా బాక్సు అడుగు వైపునే ఉండాలి. బ్యాటరీ వైపు ముక్కలో పిన్నులు బయటికి పొడుచుకొని ఉండకూడదు, రంధ్రాలున్న ముక్క అటు రావాలి. బ్యాటరీ ప్లస్సుకు అతి దగ్గరలో ఫ్యూజు వేయడం మరవకండి. 12 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు, కానీ తీగలు కలిస్తే బ్యాటరీ వందల ఆంపియర్లు వదిలి కొట్టానికి నిప్పు పెట్టగలదు. మీ దీపాలు ఒక్కొక్కటి 5 వాట్లవైతే మొత్తం కరెంటు 4.2 ఆంపియర్లు, దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

ప్రశ్న: ఇంత ఖర్చు ఎందుకు, తీగలు కలిపి పైన సిలికాన్ పూస్తే సరిపోదా?
— ములుగు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏ సిలికాన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. అద్దాలు, సింకులు అతికించడానికి వాడే చవక ట్యూబుల్లో చాలావాటికి వెనిగర్ వాసన వస్తుంది. ఆరేటప్పుడు అవి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతాయి, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న ట్యూబు వాడవచ్చు, అయితే పీవీసీ తొడుగుకు అది అంత బాగా అంటుకోదు. మళ్లీ విప్పే అవసరం లేని కలయికైతే, తీగలను క్రింప్ చేసి, లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి కుంచించుకుపోయే గొట్టం) తొడిగి, రెండు చివరలా జిగురు బయటికి ఉబికి కనిపించేదాకా వేడి చేయండి. డ్రిప్ వాల్వు గుంతలో ఎప్పుడూ తడి ఉంటుంది కనుక అక్కడ జెల్ నింపిన కనెక్టర్లు వాడటం మేలు. మామూలు స్లీవులో జిగురు ఉండదు, దుకాణంలో ఒక ముక్క కోయించి లోపలి వైపు చూసి తీసుకోండి.