పల్లెల్లో పి.హెచ్.సి.లు: మా అమ్మ సబ్‌సెంటర్ నుంచి చూస్తే

పల్లెలకి పి.హెచ్.సి.లు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు) ఎప్పుడొచ్చాయి, వాటి వల్ల నిజంగా ఏమైనా మారిందా అని అడిగారు. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు. మా అమ్మ సబ్‌సెంటర్లో (పి.హెచ్.సి. కింద ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం) ఏ.ఎన్.ఎం.గా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా చేసి రిటైరైంది, అందుకని రాస్తున్నాను.

దేశంలో ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో పి.హెచ్.సి.లు పెట్టమని సిఫార్సు చేసింది. 1952 అక్టోబరు 2న సామాజిక అభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకుకొకటి చొప్పున పెట్టుకుంటూ వచ్చారు. అప్పటికి మా జిల్లాయే లేదు, అది 1979లో ఏర్పడింది. తర్వాత్తర్వాత 30 వేల మందికి ఒక పి.హెచ్.సి., 5 వేల మందికి ఒక సబ్‌సెంటర్, కొండ ప్రాంతాల్లోనైతే 20 వేలకి, 3 వేలకి అని లెక్క పెట్టారు. వాటికి పైన 30 పడకల సి.హెచ్.సి. (సామాజిక ఆరోగ్య కేంద్రం).

నా గొడవంతా ఈ లెక్కతోనే. తలలు లెక్కపెట్టారు గానీ దూరం చూడలేదు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు (2022 దాకా మా జిల్లాలోవే) కొండల మీద 3 వేల మంది అంటే ఎన్ని గూడేలు! 2005లో 108 అంబులెన్స్ వచ్చినా అది రోడ్డు ఉన్నంత వరకే, అక్కడి దాకా డోలీనే.

మరి ఏం మారిందంటారా? టీకాలు. బుధవారం వస్తే అమ్మ ఐస్ ప్యాకులు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని బయల్దేరేది, ఎండలో డబ్బా మూత ఊరికే తీస్తే ఎవరినైనా కసిరేది. "ఏటమ్మా, పిల్లడికి సూదేయించవా?" అంటే, "జ్వరమొస్తాదమ్మా, రేపు నాట్లకెల్లాల" అనేవారు. అది మూఢనమ్మకం కాదు, ఒక రోజు కూలి పోతుందని భయం. అందుకే అమ్మ జ్వరం బిళ్లలు చేతిలో పెట్టి, సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తానని ఒప్పించేది, వెళ్లేది కూడా. 2005లో ఎన్.ఆర్.హెచ్.ఎం. (జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్) వచ్చి ఆశా కార్యకర్తలు తోడయ్యాక, ఆసుపత్రిలో కాన్పుకి డబ్బులివ్వడం మొదలెట్టాక, మా ఊళ్లో మంత్రసాని పని దాదాపు పోయింది.

డాక్టరు సంగతి వేరు. ఓ రాత్రి మా నాన్నని పాము కరిస్తే పి.హెచ్.సి.కి తాళం, వాచ్‌మన్ కూడా లేడు, ఆటోలో విజయనగరం పరిగెత్తాం. బతికారు. ఇప్పటికీ మా వీధిలో రాత్రి ఏమైనా అయితే 108కే ఫోన్ చేస్తారు, పి.హెచ్.సి. వైపు చూడరు. పొద్దున్నే బీపీ, షుగర్ బిళ్లలకి మాత్రం లైను అక్కడే, మా నాన్నతో సహా.