రోటెన్‌బర్గ్ సమాధి గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

స్టుట్‌గార్ట్ నుంచి నీవు పంపిన యాత్రావ్యాసం చదివాను. రోటెన్‌బర్గ్ కొండ మీది సమాధి మందిరాన్ని మొదటి వాక్యంలోనే ‘జర్మనీ తాజ్‌మహల్’ అన్నావు. ఆ మాట కొట్టివేయి. అది కంటపడగానే పాఠకుడు ఆగ్రాకు వెళ్లిపోతాడు. ద్రాక్షతోటల మధ్య నీవు ఎక్కిన దారి అతనికి కనిపించదు.

ద్వారం మీది బైబిలు వాక్యం, మన తెలుగు బైబిలులో ‘ప్రేమ శాశ్వతకాలముండును’ అని ఉన్నది, చూసి నీవు కరిగిపోయావు. కరగడంలో తప్పు లేదు గాని, రాజు రాతి మీద చెక్కించినదంతా సాక్ష్యం కాదు. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న అప్పటి వుర్టెంబెర్గ్ రాజ్యానికి రాజైన మొదటి విల్‌హెల్మ్ భార్య కతరీనా, రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ చెల్లెలు, 1819 జనవరిలో ముప్పై ఏళ్లకే హఠాత్తుగా కన్నుమూసింది. ఆమె కోసం ఆయన తన వంశానికి పేరిచ్చిన పాత కోటనే పడగొట్టించి, ఆ స్థలంలో సలూచీ అనే ఇటలీ వాస్తుశిల్పి చేత 1820 నుంచి 1824 వరకు ఈ గుమ్మటం కట్టించాడు. పని మొదలైన 1820లోనే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1864లో చనిపోయినప్పుడు మాత్రం ఈ కొండ మీదికే, కతరీనా పక్కకే చేరాడు. ఈ సంగతులను వరుసగా పెట్టి ఊరుకో. అది ప్రేమా, పశ్చాత్తాపమా అని తేల్చడం నీ పని కాదు. రాజుకు మరొక స్త్రీతో ఉన్న సంబంధం బయటపడడమే రాణి ప్రాణం తీసిందన్న కథను జనం చెప్పుకొనేదిగానే రాయాలి. నీవేమో పక్కన నిలబడి చూసినట్టు రాశావు!

అసలు లోటు వేరే ఉంది. రాణి చావుకు రెండు పేజీలిచ్చి, బతుకును ఒక్క వాక్యంలో దాటేశావు. 1815లో ఇండోనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, దాని ధూళి ఆకాశాన్ని కమ్మి, మరుసటి ఏడు ఐరోపాలో వేసవే రాక, పంటలు పోయి జనం ఆకలితో అలమటిస్తున్నప్పుడు ఆమె రాణి అయింది. పేదల కోసం సహాయ సంఘం, పొదుపు బ్యాంకు, ఆడపిల్లలకు బడి పెట్టించింది. నీవు ఫోటో దిగిన ఆ కొండ మీది నుంచి కనిపించే నెక్కార్ నది లోయలో, స్టుట్‌గార్ట్‌లోని కాన్‌స్టాట్‌లో ఏటా జరిగే పెద్ద ఉత్సవం కూడా ఆ కరవు తరువాత, 1818లో, రైతుల పండుగగా మొదలైనదే.

వీలైతే పెంతెకొస్తు సోమవారం, అంటే ఈస్టర్ తరువాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ మరునాడు, మళ్లీ వెళ్లు. కతరీనా రష్యాలోని క్రైస్తవ శాఖ అయిన ఆర్థొడాక్స్ మతస్థురాలు గనుక ఏటా ఆ రోజున అక్కడ ఆర్థొడాక్స్ ఆరాధన జరుగుతుంది. ప్రొటెస్టెంటు రాజు కట్టించిన గుమ్మటం కింద ఆ ప్రార్థన విని, కతరీనా భాగం తిరగరాసి పంపు. ద్రాక్షతోటల దారిని మాత్రం ముట్టుకోకు.