కుట్టు గది నేల మీద గుండుసూదులు, దారప్పోగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోనే మిషను వేసుకుని జాకెట్లు, డ్రెస్సులు కుట్టేవాళ్ల నుంచి ఈసారి నేల శుభ్రం గురించి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులు ఇవి.

ఇంట్లోనే జాకెట్లు కుడతాను. బాబుకి తొమ్మిదో నెల, పాకుతున్నాడు. రెండు పూటలా ఊడుస్తున్నా ఎక్కడో ఒకచోట గుండుసూది కనిపిస్తూనే ఉంది. భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

మీ భయం న్యాయమైనదే అమ్మా. చీపురు గుండుసూదిని పట్టుకోదు, జరుపుతుంది, అంతే. సూది పుల్లల సందుల్లోంచి జారి అక్కడే ఉండిపోతుంది. లేదా చీపురులో ఇరుక్కుని, మీరు హాలు ఊడుస్తున్నప్పుడు అక్కడ రాలుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. కాబట్టి సూదులు ఏరడానికి అయస్కాంతం, పోగులు తీయడానికి చీపురు. నేల మీద ముందు అయస్కాంతం తిరగాలి. కుట్టు గది చీపురు ఆ గది దాటి రాకూడదు.

అయస్కాంతం కోసం ప్రత్యేకంగా కొననక్కర్లేదు. రిపేరు షాపులో పాడైన స్పీకర్లు ఉంటాయి. వాటి వెనకాల ఉండే నల్లటి గుండ్రటి బిళ్ల చాలు. మూడు అంగుళాల వెడల్పు ఉంటే మంచిది. దాన్ని పాలిథిన్ కవరులో వేసి, కవరుతో సహా ఒక కర్ర చివర గట్టిగా కట్టండి. నేలకు అర అంగుళం ఎత్తులో, ముగ్గు వేసినంత నెమ్మదిగా, వరస వెంట వరస తిప్పండి. ఎత్తు పెరిగితే లాగదు, తొందరగా తిప్పితే వదిలేస్తుంది. సూదులు కవరుకు బయటవైపు అంటుకుంటాయి. పని అయ్యాక కవరు విప్పి, లోపలి బిళ్లను పైకి తీసేస్తే సూదులన్నీ డబ్బాలో రాలిపోతాయి. కవరు లేకుండా వాడితే వాటిని ఒక్కొక్కటిగా పీకాలి, వేళ్లు గుచ్చుకుంటాయి.

ఒక పరీక్ష మాత్రం తప్పనిసరి. మీ దగ్గరున్న ప్రతి డబ్బాలోంచి ఒక గుండుసూదిని అయస్కాంతానికి చూపించండి. ఉక్కు సూదులు అంటుకుంటాయి. ఇత్తడివి అంటుకోవు. తుప్పు పట్టని స్టీలుతో చేసిన కొన్ని రకాలు కూడా అంటుకోవు. అంటుకోని సూదులను పాకే బిడ్డ ఉన్న ఇంట్లో వాడకండి, పక్కన పెట్టేయండి. జాకెట్ హుక్కులకూ ఇదే పరీక్ష.

అయస్కాంతం తిప్పాక గదిలో లైటు ఆపి, టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించండి. ఫోను లైటైనా సరే. వెలుగు నేలను ఒరుసుకుంటూ పోయేలా ఉంటే సన్న సూదికి కూడా పొడుగాటి నీడ పడుతుంది. నిలబడి చూస్తే కనిపించనివి అప్పుడు దొరుకుతాయి. మిషను పెడల్ కింద, బీరువా అంచున, గుమ్మం మూల తప్పకుండా చూడండి.

ఇదంతా సూది పడ్డాక చేసే పని. పడకుండా చూడటం దీనికంటే తేలిక. బట్టకు గుండుసూదిని కుట్టుకు అడ్డంగా, తల కుడిచేతి వైపుకు వచ్చేలా గుచ్చండి. మిషనులో బట్టను నొక్కిపట్టే పాదం కిందికి వచ్చేలోపు కుడిచేత్తో లాగి తీసేయడం సులువు. సూది మీద నుంచే కుట్టేస్తే మిషను సూది దానికి తగిలి విరుగుతుంది, ఆ మొన ఎటు ఎగిరిందో దొరకదు. లాగిన సూదిని పెదాల మధ్య పెట్టుకోవద్దు, ఒళ్లో వేసుకోవద్దు. లేచి నిలబడగానే ఒళ్లోవన్నీ నేల మీదే ఉంటాయి. ఒక ప్లాస్టిక్ సాసరు అడుగున ఇంకో స్పీకరు బిళ్లను అంటించి మిషనుకు కుడిపక్కన పెట్టుకోండి. ఆ వైపు విసిరినా సూది అందులోనే నిలుస్తుంది.

లెక్క కూడా పెట్టుకోండి. సూదుల దిండు మీద పదేసి చొప్పున వరసలుగా గుచ్చితే, పని ముగిశాక ఏ వరసలో ఎన్ని తగ్గాయో చూడగానే తెలుస్తుంది. బట్టల ఫ్యాక్టరీల్లో మిషను సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కార్డు మీద అంటించి చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ముక్క దొరక్కపోతే ఆ బట్టను లోహాన్ని కనిపెట్టే యంత్రంలోంచి పంపుతారు. ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు కానీ, లెక్క సరిపోయేదాకా బిడ్డను ఆ గదిలోకి వదలకూడదన్న నియమం పెట్టుకోండి.

అయస్కాంతం విషయంలోనూ జాగ్రత్త. బటను బిళ్లల్లా ఉండే చిన్న, బాగా శక్తి ఉన్న రకాలు మీ ఇంట్లో వద్దు. పిల్లలు అలాంటివి రెండు మింగితే కడుపులో పేగుల గోడలకు అటూ ఇటూ ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెడతాయి. సాసరు కిందికి కూడా నోట్లో పట్టని స్పీకరు బిళ్లే వాడండి. బిడ్డ సూది మింగాడని అనుమానం వస్తే అరటిపండో, అన్నం ముద్దో తినిపించి కిందికి దించాలని చూడకండి. వాంతి చేయించకండి. ఏమీ పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పోగులు చీపురుకు చుట్టుకుపోతున్నాయి. తడిగుడ్డ పెడితే నేలంతా అంటుకుని ఇంకా అసహ్యంగా తయారవుతోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

తడిగుడ్డ చివరి పని. మీరు దాన్ని ముందుకు తెచ్చారు. నేల తడవగానే పోగు బండకు అతుక్కుంటుంది. దానికి తోడు మార్కింగు సుద్ద పొడి కలిసి బురదలా పూసుకుంటుంది.

మొదట ఫ్యాను ఆపండి. తిరుగుతుంటే ఊడ్చిన పోగులు మళ్లీ గోడ పక్కకు చేరతాయి. పెద్ద పేలికలు చేత్తో ఏరి, అయస్కాంతం తిప్పండి. ఆ తర్వాత చీపురుకు బదులు బాత్‌రూముల్లో నీళ్లు నెట్టే రబ్బరు వైపరు పొడిగా వాడి చూడండి. రబ్బరు పోగును రాపిడితో పట్టి లాగుతుంది, ఒక్కచోట ఉండలా చుడుతుంది. ఆ ఉండను చేత్తో ఎత్తేయవచ్చు. గోడవైపు నుంచి గది మధ్యకు లాగండి, అటూ ఇటూ తోయకండి. నున్నటి టైల్స్ మీద చీపురు కంటే ఇదే బాగా పనిచేస్తుంది. చలికాలం పొడిగాలికి పాలియెస్టరు పోగులు నేలను పట్టుకుని రాకపోతే వైపరు అంచును తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి లాగండి. తడి కనిపించనంతే ఉండాలి. చివరగా, బాగా పిండిన తడిగుడ్డ.

అసలు అన్ని పోగులు ఎందుకు పడుతున్నాయో కూడా చూడండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు పైదారం, బాబిన్ దారం (కింది చక్రంలోంచి వచ్చే దారం) నాలుగు అంగుళాలు ఉంటే చాలు. చాలామంది జానెడు పైనే లాగి కత్తిరిస్తారు. రెండు చేతులు, రెండు భుజాలు, పట్టీలు వంటివి ఒకటి అవ్వగానే దారం తెంచకుండా రెండోది పాదం కింద పెట్టి వరసగా కుట్టుకుపోండి, చివర్లో విడదీయండి. కొసలు దాదాపు సగం తగ్గుతాయి.

మిగిలిన కొసల కోసం ఒక సంచి. కత్తెర కుడిచేతిలో ఉంటుంది, తెగిన పోగు ఎడమచేతిలో మిగులుతుంది. కాబట్టి సంచి బల్లకు ఎడమవైపే వేలాడాలి. కుడివైపు కడితే ఎవరూ వాడరు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల లోతు, మూతి దగ్గర ఎంబ్రాయిడరీ రింగు. నోరు తెరిచి ఉండకపోతే పోగు అంచు మీద నుంచి జారి కిందే పడుతుంది.

పాత కుట్లు విప్పేటప్పుడు రాలే తుక్కే అన్నింటికన్నా ఎక్కువ. ప్రతి కుట్టునూ కోయకండి. ఒకవైపు నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున కోసి, బట్ట తిప్పి వెనకవైపు దారాన్ని లాగితే అది ఒకటే పోగుగా వచ్చేస్తుంది. ముందువైపు మిగిలిన చిన్న ముక్కల మీద సెల్లో టేపు అద్ది ఎత్తేయండి.

ఓవర్‌లాక్ మిషను కొన్నాను. దాని కింద రోజూ పిడికెడు నూగు, పీలికలు. చుట్టూ ఎగురుతున్నాయి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ఆ మిషను అంచును దారంతో అల్లుతూ, తన కత్తితో బట్ట అంచును కోస్తూనే పోతుంది కాబట్టి తుక్కు తప్పదు. కింద పడనివ్వకుండా చేయవచ్చు. కత్తి ఎదురుగా బల్ల అంచు ఎక్కడుందో చూసి, మిషనును ఆ అంచుకు ఆనించండి. అంచు కింద వెడల్పాటి మూతి ఉన్న సంచి కట్టండి. కత్తికీ సంచికీ మధ్య నున్నటి ప్లాస్టిక్ షీటు ముక్క ఏటవాలుగా అంటిస్తే పీలికలు దాని మీదుగా జారిపోతాయి. సంచిని సగం నిండగానే ఖాళీ చేయండి, నిండితే తుక్కు పైకి పేరుకుని, కింద దారం అల్లే కొక్కేలైన లూపర్లలోకి పోతుంది. మిషను లోపలి నూగును నోటితో ఊదవద్దు. ఊపిరి తేమతో అది లోపలే ముద్దకట్టి, నూనెతో కలిసి గట్టిపడుతుంది. కరెంటు ప్లగ్గు తీసి బ్రష్షుతో బయటికి లాగండి.

ఇస్త్రీ బల్ల కింద మాత్రం ఈ తుక్కు చేరనివ్వకండి. నూగుకు చాలా తేలిగ్గా నిప్పు అంటుకుంటుంది.

మాది నాపరాళ్లు పరిచిన పాత ఇల్లు. బండల సందుల్లో సూదులు ఇరుక్కుంటున్నాయి.
– ఒక పాఠకుడు, బేతంచెర్ల

సందుల్లోని మట్టిని పాత స్క్రూడ్రైవరుతో గీకి, అయస్కాంతం తిప్పి, తర్వాత వైట్ సిమెంటుతో పూడ్చండి. అంతవరకు మిషను చుట్టూ రెండేసి అడుగులు వచ్చేలా నున్నటి వినైల్ షీటు పరవండి. జంపఖానా వద్దు. సూది దాని నేతలో నిలువుగా దిగి, కాలు వేసేదాకా కనిపించదు. నల్లబండ మీద పని చేస్తారు కాబట్టి తెల్ల, పసుపు పూస తలల గుండుసూదులు కొనండి.

మచిలీపట్నంలో ఉంటాం. సూదుల దిండులో సూదులు తుప్పు పడుతున్నాయి. ఆ తుప్పు సూదులే విరిగి కింద పడుతున్నాయి.
– ఒక పాఠకురాలు

దిండులో రంపపు పొట్టో, ఊకో నింపి ఉంటారు. సముద్రపు గాలిలోని తేమను అది పీల్చి దాచుకుంటుంది. విప్పి, ఊలు దారం తుక్కుతో బిగుతుగా నింపండి. వదులుగా ఉంటే సూది తల దాకా దిగి లోపల మాయమవుతుంది. సబ్బుబిళ్లకు సూదులు గుచ్చే అలవాటు ఉంటే అదీ మానండి. పట్టు మీద తుప్పు మరక పడితే పోవడం చాలా కష్టం. గరుకెక్కిన సూదిని బాగుచేయాలని చూడక పారేయండి.

డాలస్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం, గదంతా కార్పెట్. వాక్యూమ్ క్లీనరు బ్రష్షుకు దారాలు చుట్టుకుని ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు

కార్పెట్ మీద ముందు రబ్బరు గ్లౌజు వేసుకుని చేత్తో ఒకే వైపుకు రాయండి, లేదా రబ్బరు వైపరు లాగండి. పోగులు ఉండలుగా లేచి వస్తాయి. అయస్కాంతం ఇక్కడ రెండు దిక్కుల్లోనూ తిరగాలి, ఎందుకంటే సూది నూలు కుచ్చుల మధ్య ఏ వైపు వాలి ఉందో తెలియదు. ఇవి అయ్యాకే వాక్యూమ్. గుండ్రంగా తిరిగే బ్రష్షును ఆపే స్విచ్ ఉంటే ఆపి, గొట్టంతోనే లాగండి. సూదులు లోపలికి పోతే సంచికి, గొట్టానికి చిల్లులు పడతాయి. ఇప్పటికే చుట్టుకున్న దారాన్ని, ప్లగ్గు తీసేసి, కుట్లు విప్పే కొక్కెంతో బ్రష్షు పొడుగునా ఒక్క గీత కోస్తే పొరలా ఊడి వస్తుంది. చక్రాల కుర్చీలో కూర్చుని కుడుతుంటే దాని చక్రాల ఇరుసులూ ఇలాగే చూసుకోండి. కుర్చీల కింద వేసే గట్టి ప్లాస్టిక్ చాప ఒకటి మిషను కింద వేస్తే సగం బాధ తీరుతుంది.

మగ్గం వర్కు చేస్తాం. పూసలు, చమ్కీలు గదంతా దొర్లుతున్నాయి. వాటికి అయస్కాంతం పనిచేయదు కదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

పనిచేయదు. మగ్గం కింద తెల్ల దుప్పటి పరిచి, నాలుగు కొసలూ మగ్గం కాళ్లకు జానెడు ఎత్తున కట్టండి. దుప్పటి తొట్టిలా వేలాడాలి, నేలకు ఆనకూడదు. పడినవన్నీ మధ్యకు చేరతాయి, తిరిగి వాడుకోవచ్చు. అప్పటికే గదిలో చెదిరిన పూసలకు, వాక్యూమ్ గొట్టం మూతికి పల్చటి పాత సాక్సు తొడిగి రబ్బరు బ్యాండు వేసి లాగండి. పూసలు సాక్సు మీదే ఆగుతాయి. మగ్గం వర్కు కుట్టే కొక్కెం సూది, అంటే ఆరీ సూది మాత్రం ఉక్కుదే, దానికి అయస్కాంతం తిప్పాల్సిందే.

అమ్మకు షుగరు ఉంది. నేను కుట్టే గదిలో కాలికి సూది దిగి విరిగింది. మొన లోపల ఉందో లేదో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

ఈ ఉత్తరానికి జవాబు అచ్చయ్యేదాకా ఆగకూడదు, ఈపాటికి చూపించే ఉంటారని ఆశిస్తున్నాం. చూపించకపోతే ఈరోజే వెళ్లండి. ఇతరులకు ఇలా జరిగినా పద్ధతి ఇదే: ఆ కాలు నేల మీద మోపనివ్వకండి. నడిస్తే ముక్క లోపలికి జరుగుతుంది. పిన్నీసుతో కెలకవద్దు, పిండవద్దు. విరిగిన మిగతా ముక్కను వెంట తీసుకెళ్లండి, ఎంత పొడవు తగ్గిందో డాక్టరుకు తెలుస్తుంది. ఉక్కు ముక్క ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నేల మీది సూది కాబట్టి ధనుర్వాతం టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటిందో లేదో చెప్పండి. షుగరు ఉన్నవాళ్లకు పాదాల స్పర్శ తగ్గి సూది దిగినా తెలియకపోవచ్చు, పుండు ముదిరాకే బయటపడుతుంది. అమ్మగారు ఆ గదిలోకి గట్టి అట్ట ఉన్న చెప్పులు వేసుకునే రావాలి. రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లూ మీరే చూడండి.

ఇంట్లో గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్లుంటే, సూదులు ఏరే అయస్కాంతాన్ని వాళ్ల ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, అంతకంటే దగ్గరికి తీసుకెళ్లకండి.

విరిగిన సూదులు, పోగులు ఎక్కడ పారేయాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

చెత్త కవరులో విడిగా వేసిన సూది, చెత్త తీసుకెళ్లే మనిషి చేతిలో దిగుతుంది. ఖాళీ మాత్రల డబ్బా మూతకు చిన్న కన్నం పెట్టి, విరిగినవీ తుప్పువీ అందులో వేస్తూ ఉండండి. నిండాక కన్నానికి, మూతకు టేపు చుట్టి పాత ఇనుము కొనేవాళ్లకు ఇవ్వండి, లోపల ఏముందో చెప్పి ఇవ్వండి. పోగులను పెరట్లోకి విసరకండి. కోళ్ల కాళ్లకు, పిట్టల కాళ్లకు చుట్టుకుని బిగిసి వేళ్లు తెగిపోతాయి. కాగితంలో పొట్లం కట్టి పొడిచెత్తలో వేయండి. దిండ్లు నింపడానికి దాస్తున్న పేలికలైతే పల్చగా పరిచి, అయస్కాంతం రెండుసార్లు తిప్పాకే నింపండి.