సర్వోన్నత న్యాయస్థానాలు ఎన్ని?

సందేహం: మేము అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటున్నాము. న్యూయార్క్ సుప్రీం కోర్టును ‘సర్వోన్నత న్యాయస్థానం’ అనీ, మా రాష్ట్రంలోని సుపీరియర్ కోర్టును ‘ఉన్నత న్యాయస్థానం’ అనీ, ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టును ‘జిల్లా కోర్టు’ అనీ తెలుగు వార్తల్లో చదువుతున్నాను. ఒక దేశంలో ఇన్ని సర్వోన్నత న్యాయస్థానాలు ఎలా ఉంటాయి? వీటిని తెలుగులో ఎలా రాయాలి?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు చూపిన మూడు అనువాదాలూ పొరపాట్లే. పదానికి పదం సరిపోయినట్టు కనిపిస్తున్నందువల్ల ఇవి ఎవరి కంటా పడకుండా సాగిపోతున్నాయి.

ముందు మాటల సంగతి చూద్దాం. ‘సర్వ’, ‘ఉన్నత’ కలిస్తే గుణసంధితో ‘సర్వోన్నత’ అయింది. అన్నిటికంటె ఎత్తైనది అని దాని అర్థం. అన్నిటికంటె ఎత్తైనది ఒక్కటే ఉంటుంది కనుక ఆ మాటకు బహువచనం పొసగదు. ‘అతి’, ‘ఉన్నత’ కలిస్తే యణాదేశంతో ‘అత్యున్నత’ అయింది. దీనికి మిక్కిలి ఎత్తైనది అని మాత్రమే అర్థం, కాబట్టి అత్యున్నతమైనవి ఎన్నైనా ఉండవచ్చు. పత్రికలు ఈ రెండు మాటలనూ ఢిల్లీలోని సుప్రీం కోర్టుకు మార్చి మార్చి వాడుతూ వచ్చినందువల్ల, మనకు అక్కరకు వచ్చే ఈ తేడా మరుగున పడింది.

ఈ పేర్లన్నీ మన దేశపు ఏర్పాటును చూసి పుట్టినవి. భారతదేశం సమాఖ్యే అయినా ఇక్కడి న్యాయవ్యవస్థ ఒకే నిచ్చెన. రాజ్యాంగం 124వ అధికరణం సుప్రీం కోర్టును, 214వ అధికరణం రాష్ట్రాల హైకోర్టులను ఏర్పరచగా, వాటి కింద జిల్లా న్యాయస్థానాలు, ఇతర న్యాయస్థానాలు పనిచేస్తున్నాయి. పార్లమెంటు చేసిన చట్టమైనా, అమరావతిలోనో హైదరాబాదులోనో శాసనసభ చేసిన చట్టమైనా, వివాదం సాధారణంగా ఈ మెట్ల మీదుగానే పైకి పోతుంది. సుప్రీం కోర్టు ప్రకటించిన న్యాయసూత్రానికి దేశంలోని న్యాయస్థానాలన్నీ కట్టుబడాలని 141వ అధికరణం చెబుతుంది. ‘కోర్టుకెక్కారు’, ‘పై కోర్టుకు వెళ్లారు’ అనే మన పలుకుబడికి ఈ అమరిక చక్కగా అతికింది. నిచ్చెన ఒక్కటే అయినప్పుడు ‘ఉన్నత’, ‘సర్వోన్నత’ అని మెట్టును చెబితే చాలు, అది ఏ న్యాయస్థానమో పాఠకుడికి తెలిసిపోతుంది.

అమెరికాలో నిచ్చెనలు రెండు రకాలు. దేశం మొత్తానికి చెందిన ఫెడరల్ న్యాయస్థానాలది ఒకటి. యాభై రాష్ట్రాలలో ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికి మరొకటి. విడాకులు, వీలునామాలు, ఇంటి అద్దె తగాదాలు, నేరాలలో అత్యధిక భాగం రాష్ట్ర న్యాయస్థానాలలోనే తేలుతాయి. రాష్ట్ర చట్టానికి అర్థం ఇదీ అని ఆ రాష్ట్రపు అగ్ర న్యాయస్థానం చెప్పిందంటే, ఆ అర్థాన్ని వాషింగ్టన్‌లోని సుప్రీం కోర్టు కూడా మార్చదు. దేశ రాజ్యాంగానికో ఫెడరల్ చట్టానికో సంబంధించిన ప్రశ్న ఇమిడి ఉన్నప్పుడే అక్కడి నుంచి వాషింగ్టన్‌కు దారి ఉంటుంది. కాబట్టి న్యూజెర్సీ సుప్రీం కోర్టును మన హైకోర్టుతో పోల్చడం కూడా కుదరదు. రాష్ట్ర చట్టం వరకు తుదిమాట దానిదే.

పేర్ల చిక్కు ఇక్కడే ముదురుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ‘సుప్రీం కోర్టు’ అన్నది ప్రధానంగా సాక్షులను విని, దావాలను మొదటిసారి విచారించే న్యాయస్థానం. దాని మీద అదే సుప్రీం కోర్టుకు చెందిన అపీళ్ల విభాగం ఉంది. ఆ రాష్ట్రంలో అన్నిటికీ పైన ఉన్నదాని పేరు ‘కోర్ట్ ఆఫ్ అపీల్స్’. ఇంకా విచిత్రమేమంటే, అక్కడ విచారణ జరిపే సుప్రీం కోర్టు న్యాయమూర్తిని ‘జస్టిస్’ అనీ, అగ్ర న్యాయస్థానంలోని న్యాయమూర్తిని ‘జడ్జి’ అనీ అంటారు. మన అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు. అందువల్ల ‘న్యూయార్క్ సర్వోన్నత న్యాయస్థానం తీర్పు’ అని చదివిన తెలుగు పాఠకుడు, వ్యాజ్యం ముగిసిందనుకుంటాడు. నిజానికి అది అప్పుడే మొదటి మెట్టు దాటి ఉంటుంది. మీ న్యూజెర్సీలోని సుపీరియర్ కోర్టు సంగతీ ఇంతే. విచారణ ముఖ్యంగా అక్కడే జరుగుతుంది, అపీళ్లు వినే విభాగమూ అందులోనే ఉంది. దాన్ని ‘ఉన్నత న్యాయస్థానం’ అంటే మనవాళ్లకు హైకోర్టు తప్ప మరొకటి తోచదు.

‘జిల్లా కోర్టు’ పొరపాటు ఇంకొక తీరుది. ‘జిల్లా’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. కలెక్టరు, రెవెన్యూ కార్యాలయాలు ఉన్న పరిపాలనా భాగం అనే అర్థంలో స్థిరపడింది. అమెరికాలో ఫెడరల్ డిస్ట్రిక్టు అంటే న్యాయపరిధి మాత్రమే. దేశం మొత్తం మీద అటువంటివి 94 ఉన్నాయి. న్యూజెర్సీలో మన జిల్లాను పోలిన కౌంటీలు 21 ఉన్నా, రాష్ట్రమంతా కలిసి ఒకే ఫెడరల్ డిస్ట్రిక్టు. ‘న్యూజెర్సీ జిల్లా కోర్టు’ అని రాస్తే, ఒక పెద్ద ఫెడరల్ న్యాయస్థానం కాస్తా చిన్న ఊరి కచేరీలా కనిపిస్తుంది.

ఇటువంటి చోట న్యాయస్థానం పేరును అనువదించకూడదని నా అభిప్రాయం. పేరును తెలుగు లిపిలో ఉన్నది ఉన్నట్టుగా రాసి, దాని స్థానాన్ని తెలుగు మాటల్లో పక్కన చేర్చాలి: ‘న్యూయార్క్ రాష్ట్రంలో దావాలను విచారించే సుప్రీం కోర్టు’, ‘ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అపీల్స్’, ‘న్యూజెర్సీలోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు’. రాష్ట్రాల అగ్ర న్యాయస్థానాలకు ‘అత్యున్నత’ను కేటాయించి, ‘సర్వోన్నత’ను వాషింగ్టన్‌లోని సుప్రీం కోర్టు ఒక్కదానికే ఉంచుకుంటే, మనం పోగొట్టుకున్న తేడా మళ్లీ పనికి వస్తుంది. ‘ఫెడరల్’ను ‘కేంద్ర’ అనడం నాకు సమ్మతం కాదు, ఆ మాట వినగానే మనకు ఢిల్లీ గుర్తుకొస్తుంది. ‘సమాఖ్య’ అర్థానికి సరిపోతుంది గానీ, గ్రామాల్లో మహిళా సంఘాల సమాఖ్యల వల్ల ఆ మాటకు వేరే వాసన పట్టింది. వార్తలో ‘ఫెడరల్’ అనడమే మేలు.

విచారణ జరిపేవాటిని ‘కింది కోర్టులు’ అనే అలవాటు కూడా మానుకోవలసిందే. విచారణ న్యాయస్థానపు రికార్డును ‘కింది కోర్టు రికార్డు’ అనే అర్థమిచ్చే పేరుతో పిలవవద్దని 2024 ఫిబ్రవరిలో మన సుప్రీం కోర్టే చెప్పింది. తెలుగులో ‘విచారణ న్యాయస్థానం’ అనే మంచి మాట సిద్ధంగా ఉంది.

మీరు అడగకపోయినా, అక్కడి తెలుగు కుటుంబాలకు అవసరమైనది కనుక ‘ఇమిగ్రేషన్ కోర్టు’ గురించి కూడా చెబుతాను. పేరులో కోర్టు ఉన్నా అది పైన చెప్పిన రెండు రకాల నిచ్చెనల్లో దేనిలోనూ లేదు. ప్రభుత్వపు న్యాయశాఖలో ఒక భాగం, అందులోని న్యాయమూర్తులు ఆ శాఖ ఉద్యోగులు. దాని నిర్ణయం మీద ఆ శాఖలోనే ఉన్న బోర్డుకు అపీలు చేసుకోవాలి. ఆ తరువాతే ఫెడరల్ అపీళ్ల న్యాయస్థానం ముందుకు వెళ్లవచ్చు. కాబట్టి ‘అమెరికా కోర్టు దేశం విడిచి వెళ్లమంది’ అని రాయడానికి బదులు ‘న్యాయశాఖ పరిధిలోని ఇమిగ్రేషన్ కోర్టు దేశం విడిచి వెళ్లమని ఆదేశించింది’ అని రాస్తే, ఆ ఆదేశం ఎవరిదో, అది అందుకున్నవారు తరువాత ఏ తలుపు తట్టవచ్చో చదివేవారికి తెలుస్తుంది.