నిలబడే చచ్చిపోయిన చెట్లను ఎవరు రాస్తారు?

"కోనసీమలో మాకు రెండెకరాల కొబ్బరితోట ఉంది. తుఫానుకు బాగా దెబ్బతింది. నష్టం రాసుకోవడానికి వచ్చేవారికి ఏం చూపించాలి? తోటను మళ్ళీ ఎలా నిలబెట్టుకోవాలి?" అని మీరు అడిగారు.

ముందు ఒక్క మాట. వాళ్ళు వచ్చి రాసుకుని వెళ్ళేదాకా ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పడనివ్వకండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తెల్లవారాక తలుపు తీస్తే ఇంటి అరుగు మీద నుంచి సముద్రం కనిపించింది. నేను పుట్టి పెరిగిన ఆ ఇంటి నుంచి అంతకుముందు ఎన్నడూ సముద్రం కనిపించలేదు. మధ్యలో తోటలు ఉండేవి.

దసరా రోజులు కదా, గోడలకు వేయడానికి తెచ్చిన సున్నం ఇంట్లో మిగిలి ఉంది. నాన్న దాన్ని బకెట్లో కలిపి తోటలోకి వెళ్ళి, పడినదానికీ నిలబడినదానికీ తేడా లేకుండా ప్రతి మాను మీదా నంబరు వేయడం మొదలుపెట్టారు. "ఇంట్లో తాగడానికి నీళ్ళు లేవు, మీరు చచ్చిన చెట్లకు సున్నం కొడుతున్నారా" అని అమ్మ ఏడ్చింది. మొత్తం 142 చెట్లు. పడిపోయినవి 61. నోటుబుక్కులో ఒక్కో నంబరుకు ఎదురుగా ఆ చెట్టు ఎలా ఉందో నేను రాశాను.

తొమ్మిదో రోజున ఎన్యూమరేషన్‌కు, అంటే నష్టం లెక్క రాసుకోవడానికి, ఒక కుర్రవాడు వచ్చాడు. 61 రాసుకున్నాడు. నాన్న అతన్ని 47వ నంబరు చెట్టు దగ్గరకు తీసుకెళ్ళారు. మాను నిటారుగానే ఉంది కానీ తలలో కొత్త ఆకులు పుట్టే మొవ్వు మెలితిరిగి ఒక పక్కకు ఒరిగింది.

"ఇది కూడా రాయి బాబూ, ఆరు నెలలు బతకదు."

"నిలబడే ఉంది కదా పెద్దాయనా, పడిపోయినవే రాయమన్నారు."

అతని మీద నాకు కోపం లేదు. ఆ ఒక్క రోజులో మూడు ఊళ్ళు తిరగాలి, ఫోనుకు సిగ్నల్ లేదు, మధ్యాహ్నం మా ఇంట్లోనే రెండు ముద్దలు తిన్నాడు. తప్పంతా ఒకేసారి లెక్కపెట్టి చేతులు దులుపుకునే పద్ధతిలో ఉంది. ఉగాది నాటికి 47వ నంబరు మొవ్వు ఎండి రాలిపోయింది. అలా నిలబడే చచ్చిపోయినవి మా తోటలో 34. కొన్నింటికి గాలికే మొవ్వు లోపల విరిగింది. మిగిలినవాటిని కొమ్ము పురుగు తినేసింది. పడిన మానులు కుళ్ళితే అది వాటిలోనే గుడ్లు పెట్టి, అక్కడి నుంచి పక్క చెట్ల మొవ్వులోకి ఎక్కుతుంది. ఊరంతా మానులు పడి ఉన్నప్పుడు నా ఒక్క తోట శుభ్రం చేసుకుంటే ఏం లాభం? ఆ 34 చెట్లకు ఒక్క రూపాయి రాలేదు.

కొబ్బరికి నష్టం రెండుసార్లు రాయాలి. తుఫాను వెళ్ళిన వారంలో ఒకసారి, ఆరు నెలల తర్వాత మరోసారి. వరి పొలానికి పెట్టిన కొలతను చెట్టుకు పెట్టడం అన్యాయం. అప్పటి కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే సాయం. కొబ్బరి లాంటి బహువార్షిక తోటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. హెక్టారుకు సుమారు 175 చెట్లు అనుకుంటే చెట్టుకు వంద రూపాయల పైచిలుకు! పొడవు రకం మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. చెట్టు లెక్కన పరిహారం ఇస్తామని రాష్ట్రం ముందుకు వచ్చింది కాబట్టి కొంత ఊపిరి పీల్చుకున్నాం. కౌలుకు చేసినవారికి ఆ ఊపిరి కూడా లేదు. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే డబ్బు వారి ఖాతాకే వెళ్ళింది.

ఏ ఫారంలోనూ గడి లేని నష్టాలు ఇంకా ఉన్నాయి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను నరుక్కుంటూ మా మామయ్యను డయాలసిస్‌కు తీసుకెళ్ళేసరికి ఆయన వంతు దాటిపోయింది. దాన్ని ఎవరు రాస్తారు?

మీ సంగతికి వస్తాను. చెట్లకు నంబర్లు వేసి, నంబరు కనిపించేలా ఒకటి, మొవ్వు కనిపించేలా ఒకటి ఫొటోలు తీయండి. పడనివాటిని కూడా వదలకండి. జాబితాను గ్రామ సచివాలయంలో పెట్టినప్పుడు మీ సర్వే నంబరు, చెట్ల సంఖ్య స్వయంగా చూసుకుని, తేడా ఉంటే అక్కడే కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి. లెక్క పూర్తయిన మరునాటి నుంచి పడిన మానులను తోటలో ఉంచవద్దు. ఒరిగిన లేత చెట్లను నరకకండి. నిలబెట్టి, ఊతకర్ర కట్టి, మొదట్లో మట్టి ఎగదోస్తే చాలావరకు బతుకుతాయి. ఒరిగిన మొవ్వులను నెలకోసారి చూసి ఆ నోటుబుక్కులోనే రాస్తూ ఉండండి. రెండో లెక్క రాయమని అడగడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

మా 142 చెట్ల నోటుబుక్కు ఇంకా ఉంది. ఎలా రాశామో చూడాలనుకుంటే చెప్పండి, పేజీలు ఫొటో తీసి పెడతాను.